అక్క చేతికి దొరికిన తల

మా అక్క ఇరవై ఆరేళ్ళుగా తలలతోనే బతుకుతోంది. పెద్ద బజారులో మందుల షాపుకీ కళ్ళద్దాల షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండు కుర్చీల సెలూన్ ఆమెది. ఆడా మగా ఎవరొచ్చినా కత్తిరిస్తుంది. ముందుగా కూర్చున్న మనిషి జుట్టులోకి పది వేళ్ళూ పోనిచ్చి, నుదుటి నుంచి మెడ దాకా ఒక్కసారి తడిమి చూస్తుంది. ఆ తర్వాత అద్దంలోకి కూడా పెద్దగా చూడదు. "మొహం అబద్ధం చెబుతుంది గానీ బుర్ర చెప్పదురా" అంటుంది.

నాది నీళ్ళ మీద బతుకు. ఊరి చివర సరస్సు ఒడ్డున విండ్‌సర్ఫింగ్ నేర్పుతాను. నిలబడటానికి ఒక బోర్డు, దాని మీద కొయ్య, కొయ్యకి తెరచాప, తెరచాపను పట్టుకోవడానికి ఛాతీ ఎత్తున అడ్డంగా ఒక కడ్డీ. సరంజామా అంతే. మిగిలిన పని గాలిది.

నలభై తొమ్మిదో ఏట ఒకరోజు అక్క ఫోన్ చేసి, "సోమవారం నాకు సెలవు. వస్తున్నా, నేర్పు" అంది. అడగలేదు, చెప్పింది.

"కష్టం అక్కా, గంటలకొద్దీ నిలబడాలి" అన్నాను.

"పాతికేళ్ళుగా నేను పడుకుని కత్తిరిస్తున్నానా?"

బావని అడిగితే, "నన్ను మధ్యలోకి లాగకు, బావమరిదీ" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి సోమవారం నడుము లోతు నీళ్ళలో మొదలుపెట్టాం. షెడ్డులో మేకులకి వేలాడుతున్న పన్నెండు హెల్మెట్లలో ఒకటి తీసి ఆమె నెత్తిన పెట్టాను. బోర్డెక్కింది, పడింది. లేచి చూస్తే హెల్మెట్ ముక్కు మీదికి జారింది. మళ్ళీ ఎక్కింది, పడింది. ఈసారి గడ్డం కింద ఉండాల్సిన పట్టీ గొంతు మీదికి వచ్చింది. మూడోసారి పడ్డాక ఒడ్డుకి నడిచి వచ్చి, హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఎవరి తల చూసి కొన్నావ్?"

"అందరికీ సరిపోయేదే అక్కా. మీడియం సైజు."

"అందరికీ సరిపోయేదంటే ఎవరికీ సరిపోనిదని. ఇది తలకి పెట్టుకోడానికి చేసింది కాదు, నీ మేకుకి తగిలించడానికి చేసింది." తడి జుట్టు పిండుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "మరి నీదేదీ?"

"నాకెందుకు? పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను."

నేను టోపీ సర్దుకున్నాను.

ఆ టోపీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండేళ్ళ కిందట గాలి ఎక్కువగా ఉన్న రోజున తెరచాప చేయి జారి, కడ్డీ వచ్చి నా తల వెనక బాదింది. కుట్లు పడ్డాయి. నా భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తెలిస్తే ఇల్లు ఎగిరిపోతుంది. అక్కకి తెలిస్తే అమ్మకి తెలిసినట్టే. కానీ అక్క కుర్చీలో కూర్చున్నాక ఆ వేళ్ళకి ఏదీ దాగదు. అందుకని బస్టాండు పక్కన ఇంకో షాపులో జుట్టు కత్తిరించుకోవడం మొదలుపెట్టాను. అక్క రెండుసార్లు అడిగింది, "ఈ మధ్య రావట్లేదేం?" అని. పని ఎక్కువగా ఉందన్నాను. మూడోసారి అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"నా తలకి సరిపోయేది దొరికేదాకా నీళ్ళలో దిగను. వచ్చే సోమవారం షాపుకి వెళ్దాం" అంది అక్క.

షాపు బస్ డిపో వెనక సందులో ఉంది. లోపల పైకప్పు నుంచి పడవలు వేలాడుతుంటాయి, గోడలకి తెడ్లు, నేల మీద తాళ్ళ చుట్టలు. కొత్త రబ్బరు వాసన. యజమాని అరవై దాటినవాడు. వయసులో ఉండగా రాళ్ళున్న నదుల్లో చిన్న పడవలు నడిపినవాడు. అందరూ పెద్దాయన అంటారు. మెడలో దర్జీలా కొలత టేపు వేసుకుని తిరుగుతాడు.

అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి, కనుబొమల పైనుంచి టేపు చుట్టి, "యాభై ఆరు. మీడియం" అన్నాడు.

"మీరు చుట్టుకొలత చెప్పారు. ఆకారం చెప్పలేదు" అంది అక్క. "నా బుర్ర వెనక చదును. చెవుల పైన వెడల్పు. కోడిగుడ్డు తలకి చేసింది నాకు పెడితే పక్కల నొక్కుతుంది, వెనక ఖాళీ మిగుల్తుంది. ఆ ఖాళీ వల్లే అది ముందుకి జారుతుంది."

పెద్దాయన టేపు చుట్టడం ఆపాడు. "మీరేం చేస్తుంటారమ్మా?"

"తలలు."

ఆయన నా వైపు చూశాడు.

"జుట్టు కత్తిరిస్తుంది" అన్నాను.

"అలాగా. అయితే మీరే చూడండి. నీళ్ళ సంగతి నేను చెబుతాను, తల సంగతి మీరు చెప్పండి" అని ఆయన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. నేను మూడో మనిషినయ్యాను.

అక్క మొదట అందరిలాగే అందంగా ఉన్నదాన్ని తీసింది. నిండా గాలి కన్నాలతో చేతిలో ఉన్నట్టే లేదు.

"అది సైకిలు వాళ్ళది" అన్నాడు పెద్దాయన. "దెబ్బ తగిలితే లోపలి ఫోమ్, ఆ గట్టి నురగ, నలిగిపోయి మనిషిని కాపాడుతుంది. అక్కడితో దాని ఆయుష్షు సరి. మీ ఆటలో ఒక్క పూటలో పది దెబ్బలు తగలొచ్చు. పూటకొకటి కొంటారా?"

తర్వాతది ముందు చూరున్నది. "ఎండకి బావుంటుంది కదా" అంది అక్క.

"ఎండకి బావుంటుంది. వేగంగా వెళ్తూ మొహం కిందికి పడితే నీళ్ళు ఆ చూరుని పట్టుకుని మెడని వెనక్కి గుంజుతాయి. అది మాత్రం బావుండదు."

అక్క దాన్ని ఇంకో మాట లేకుండా పక్కన పెట్టేసింది. ఆమెలో నాకు నచ్చేది అదే. తెలియని సంగతి ఎవరైనా చెబితే వెంటనే తీసుకుంటుంది. తెలిసిన సంగతి దగ్గర మాత్రం బ్రహ్మదేవుడొచ్చినా తగ్గదు.

నీళ్ళాటకి చేసినవి పదకొండు రకాలు బల్ల మీదికి వచ్చాయి. అక్క ముందు ముడి విప్పి, జుట్టుని మెడ దగ్గర కిందికి జడ అల్లుకుంది. "ముడి మీద హెల్మెట్ పెట్టడమంటే రాయి మీద పీట వేసినట్టే" అంది. ఒక్కొక్కటీ పెట్టుకుని, పట్టీ బిగించకుండానే తల దించి అటూ ఇటూ ఊపేది. ఊపేటప్పుడు అద్దం వైపు చూడమని నన్ను పురమాయించింది.

"ఏం చూడాలి?"

"నుదురు చూడు. హెల్మెట్ కదిలితే దాంతో పాటు నుదుటి చర్మమూ కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే అది నాది కాదు."

పదహారేళ్ళుగా జనం నెత్తిన హెల్మెట్లు పెడుతున్నాను. ఎవరి నుదురూ చూడలేదు.

ఐదోది బాగానే ఉందనిపించింది గానీ అక్క వెనక అంచు కింద బొటనవేళ్ళు పెట్టి ముందుకి తోసేసరికి ఊడి వచ్చింది. ఎనిమిదోది కణతలు నొక్కింది. "ఇప్పుడు కొంచెమే నొక్కుతుంది. గంటయ్యాక తలనొప్పి, రెండు గంటలయ్యాక దీన్ని తీసి పారేస్తాం. తీసి పారేసిన హెల్మెట్ ఎవర్ని కాపాడుతుంది?" అంది. పెద్దాయన ఆ మాటకి మురిసిపోయి, లోపలికి వెళ్ళి బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. తొమ్మిదోదాన్ని అందులో ముంచి ఎత్తి చూపించాడు. కన్నాల్లోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. లోపలి నురగ మాత్రం నీళ్ళు తాగలేదు. ఎత్తితే పొడిగా ఉన్నప్పటి బరువే.

ఆ తొమ్మిదోదే కుదిరింది. వెనక చదునుగా, పక్కల విశాలంగా ఉంది. పట్టీ కింద సరిగ్గా రెండు వేళ్ళు పట్టాయి. అక్క తల ఊపింది, నుదురు కదిలింది. తోసింది, ఊడలేదు. ఇక చెవుల దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది. దానికి చెవులు కప్పే రెక్కలున్నాయి.

"ఉంచుకోండి. పక్కకి పడితే నీళ్ళు చెంపదెబ్బలా తగుల్తాయి. కర్ణభేరి పగిలినవాళ్ళని చూశాను" అన్నాడు పెద్దాయన.

"మావాడు ఒడ్డునుంచి అరిస్తే వినపడొద్దా? గాలి ఎటు తిరిగిందో చెవికే కదా ముందు తెలిసేది?"

"వినపడకపోతే నష్టమే. పగిలితే ఇంకా నష్టం."

అక్క కళ్ళు మూసుకుని కూర్చుని, "షాపు ఆ చివరికి వెళ్ళి మామూలుగా మాట్లాడు" అని నాతో అంది. వెళ్ళాను. ఏం మాట్లాడాలో తోచక, "అక్కా, ఆకలేస్తోంది" అన్నాను.

"ఎప్పుడూ అదే గోల" అంది కళ్ళు తెరవకుండానే. రెక్కలకి చిన్న చిన్న కన్నాలున్నాయి. నీళ్ళని ఆపుతాయి, మాటని ఆపవు. పేచీ తేలిపోయింది. రంగు పసుపు. నీలం ఉందా అని అడిగితే, "నీళ్ళలో నీలం పెట్టుకుంటే మిమ్మల్ని వెతికేవాళ్ళతో దాగుడుమూతలాడినట్టే" అన్నాడు పెద్దాయన.

పని అయిపోయిందనుకుని నేను తలుపు వైపు నడిచాను.

"నువ్వెక్కడికి? కూర్చో" అంది అక్క.

"నాకొద్దక్కా."

"నీ దగ్గర నేర్చుకునేవాళ్ళు నిన్ను చూసే నేర్చుకుంటారు. కూర్చో."

పెద్దాయన ఉన్నాడని మొహమాటపడ్డానో, అలవాటుగా మాట విన్నానో, స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నా టోపీ తీసేదాకా నాకు అసలు సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి పది వేళ్ళూ జుట్టులోకి దిగాయి. నుదుటి నుంచి నడినెత్తికి, నడినెత్తి నుంచి వెనక్కి. అక్కడ ఆగిపోయాయి.

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పెద్దాయన లేచి, చక్కగా ఉన్న తాళ్ళ చుట్టల్ని మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు?" అంది అక్క.

"రెండేళ్ళయింది."

"ఎన్ని కుట్లు?"

"ఆరు."

ఆమె వేలు ఆ మచ్చ పొడవునా మెల్లగా నడిచింది. "ఏడు" అంది.

తర్వాత ఆమె గొంతు మామూలుగానే వచ్చింది గానీ చేయి మాత్రం అక్కడే ఉంది. "నాకు చెబితే ఏం చేసేదాన్ననుకున్నావ్?"

"నీళ్ళలోకి వెళ్ళొద్దనేదానివి."

"అనేదాన్ని. వినేవాడివా?"

"లేదు."

"మరింకేం భయం?"

రెండేళ్ళలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది. "చివరిసారి వచ్చినప్పుడు, నడినెత్తిన జుట్టు పలచబడుతోందిరా అన్నాను. నలుగురూ విన్నారు. దానికే అలిగి మానేశావనుకున్నా. రెండేళ్ళుగా ఆ మాట అనకుండా ఉండాల్సిందని నన్ను నేను తిట్టుకుంటున్నా."

గాయమైనప్పుడు కూడా నాకంత నొప్పి పుట్టలేదు. "తప్పైపోయిందక్కా" అన్నాను.

"తప్పే. అంతకన్నా పెద్ద తప్పు ఈ చెవుల వెనక ఉంది. ఎవడు కత్తిరించాడురా దీన్ని, కళ్ళకి గంతలు కట్టుకుని?" పెద్దాయన తాళ్ళ వైపు తిరిగే నవ్వాడు. అక్క కూడా నవ్వింది, ముక్కు ఎగబీల్చుకుంటూ. ఆ తర్వాత నాకు సన్నంగా పొడవుగా ఉన్నదొకటి ఎంచింది. నాది కోడిగుడ్డు తలట. మచ్చ మీద గట్టి అంచు ఆనకుండా, మెత్తటి నురగ వచ్చేలా చూసింది. మూడు మార్చాక నాలుగోది కుదిరింది. ఎర్రది. నచ్చిందా అని నన్నెవరూ అడగలేదు.

అక్కణ్ణుంచి సెలవు రోజైనా సరే సెలూన్ తలుపు తీయించి, చెవుల వెనక జరిగిన అన్యాయాన్ని సరిచేసింది. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. అమ్మకి తనే చెబుతానంది. సాయంత్రం చెప్పింది కూడా. అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు గంటసేపు మాట్లాడింది. మూడు రోజులే నయం.

తర్వాత రెండు నెలలు అక్క ఒక్క సోమవారమూ మానలేదు. ఆమె కాళ్ళ గురించి చెప్పింది నిజమే. బోర్డు ఎంత ఊగినా పాదాలు కదిలేవి కావు. తెరచాపని మాత్రం గింజుకునే పిల్లవాడి తలలా పట్టుకునేది. గట్టిగా కాదు, వదలకుండా. ఒడ్డు నుంచి నీళ్ళలో గుర్తుగా తేలే బాయా దాకా తిన్నగా వెళ్ళి రావడం వచ్చేసింది. నడుముకి పట్టీ కట్టి, దాని కొక్కేన్ని కడ్డీకున్న తాడుకి తగిలించి, ఒంటి బరువుతో గాలిని ఆపడం నేర్పాను.

తొమ్మిదో వారం గాలి ముందుగా చెప్పి రాలేదు. అక్క బాయా దాటి తిరిగొస్తోంది. సరస్సు మీద నల్లటి మచ్చలా ఓ విసురు పరుగెత్తుకు రావడం నేను చూశాను. "వదులు!" అని అరిచాను. ఆమెకి వినపడింది. కడ్డీ వదిలేసింది కూడా. కానీ నడుము కొక్కెం తాడులోనే ఉంది. తెరచాప ముందుకి విరుచుకు పడుతూ ఆమెనీ ఎత్తి గిరాటేసింది. తల వెళ్ళి కొయ్యకి తగిలింది. ఆ చప్పుడు ఒడ్డు దాకా వినపడింది, చెక్క తలుపు గాలికి కొట్టుకున్నట్టు. తెరచాప ఆమె మీద పరుచుకుంది.

నేను బోర్డు మీద పడి చేతులతో ఈదుకుంటూ వెళ్ళాను. తెరచాప కింద చిక్కుకుంటే ఏం చెయ్యాలో మొదటి రోజే నేర్పాను. కంగారు పడొద్దు, అరచేతులతో బట్టని పైకెత్తి గాలి తీసుకో, అతుకు పట్టుకుని అంచు దాకా రా. నేర్పడం వేరు, నీళ్ళలో చేతులు వేస్తూ లెక్కపెట్టడం వేరు. ఆరు అంకెలు లెక్కపెట్టాను. ఏడోదానికి బట్ట మధ్యలో ఓ బొడిపె లేచింది. అది మెల్లగా అంచు వైపు జరిగింది. పసుపు హెల్మెట్ పైకి వచ్చింది.

"నా బోర్డేదీ?" అంది అక్క.

"తల ఎలా ఉంది?"

"ఉంది. బోర్డేదీ?"

ఒడ్డుకి తెచ్చి కూర్చోబెట్టాను. కళ్ళల్లోకి చూశాను. ఇవాళ ఏం వారమో, నేనెవరో చెప్పమన్నాను.

"సోమవారం. నువ్వు నా తమ్ముడివి, అబద్ధాలకోరువి" అంది. వాంతి, మసక, తలతిప్పు ఏమీ లేవు. అయినా ఆమె మళ్ళీ లేవబోతే భుజం మీద చేయి వేసి ఆపాను. "ఈ రోజుకి చాలు. షాపులో నువ్వు చెప్పినట్టు విన్నాను. ఇది నా చోటు. ఇక్కడ నా మాటే." అక్క హెల్మెట్ పట్టీ విప్పుకుని కూర్చుంది. మర్నాడు డాక్టరుకి చూపించాం. ఏమీ లేదన్నాడు.

హెల్మెట్‌ని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, గోటితో గీరి, లోపలి నురగని వేళ్ళతో నొక్కి, "పగులు లేదు. పైన గీత పడిందంతే. ఇంకా పనికొస్తుంది. పగులు కనపడిన రోజున మాత్రం మొహమాటపడకుండా పారెయ్యి" అన్నాడు. కణత పైన, నాలుగు వేళ్ళ పొడవున ఉంది ఆ గీత. నేను దాని మీద వేలు పెట్టి చూశాను. అదే చోట ఆ మేకు మీది మీడియం ఉండి ఉంటే, అప్పటికే ముక్కు మీదికి జారి, కణత ఖాళీగా ఉండేది.

షెడ్డుకి వచ్చి పన్నెండు హెల్మెట్లూ మేకుల మీంచి తీసి నేల మీద పరిచాను. నా దగ్గర నేర్చుకునేవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఎవరి నుదురు ఎలా ఉంటుందో ఒక్కటీ గుర్తు రాలేదు. పెద్దాయనకి ఫోన్ చేశాను. తర్వాత అక్కకి చేశాను.

పై సోమవారం ఉదయం పెద్దాయన వ్యాన్ నిండా రకరకాల ఆకారాలు వేసుకుని వచ్చాడు. షెడ్డు ముందు అక్క ఓ కుర్చీ వేయించింది. నేర్చుకునేవాళ్ళంతా వరస కట్టారు. మొదట లెక్కల మాస్టారు కూర్చున్నాడు. అక్క తల తడిమి, "పెద్దది, గుండ్రం, కుడి పక్క కొంచెం ఎత్తు" అంది. ఆయన కంగారుగా, "అది మంచిదేనా?" అని అడిగాడు. "మీ తల మీకు మంచిదే. హెల్మెట్‌కే కాస్త పని" అంది. పెద్దాయన లార్జ్ అందించాడు, అక్క కుడి పక్క పల్చటి నురగ ముక్క మార్పించింది. మాస్టారు తల ఊపాడు. నేను నుదురు చూశాను. చర్మం కదిలింది.

తర్వాత నర్సు, ఆమె వెనక కరెంటాఫీసు గుమాస్తా. ఒకరికి కళ్ళజోడు అడ్డం, ఇంకొకరికి ఉంగరాల జుట్టు. ఎవరికి ఏది అంటే అది ఇవ్వడం కాదు, ఒక్కొక్కరికీ రెండు మూడు మార్చింది. నా పాత పన్నెండింటిలో నాలుగు మాత్రం నిజంగా నాలుగు తలలకి కుదిరాయి. వాటి లోపల పేర్లు రాశాను. మిగిలినవి మళ్ళీ మేకెక్కలేదు.

పదకొండు గంటలకి సరస్సు మీద నీటి రంగు మారింది. ఒడ్డున జెండా ముందు వణికి, తర్వాత నిటారుగా విచ్చుకుంది. అక్క చేతుల్లో అప్పుడో బట్టతల ఉంది. ఆమె ఆ తల మీదుగానే నీళ్ళ వైపు చూసింది.

"పెద్దాయనా, ఇంకా ముగ్గురున్నారు. చూసుకుంటారా?"

"వేళ్ళతో చూడాలంతేగా? పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను. వెళ్ళు తల్లీ."

అక్క జడ బిగించుకుని, గీత పడ్డ పసుపు హెల్మెట్ పెట్టుకుని, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది. బోర్డు నీళ్ళలోకి తోసింది. ఈసారి బాయా దగ్గర ఆగకుండా అవతలి ఒడ్డు దాకా వెళ్తానంది. నేను నా ఎర్రది తగిలించుకుని ఆమె పక్కనే రెండో బోర్డెక్కాను. గాలి తెరచాపల్లోకి నిండుగా వచ్చింది. బాయా దాటేసరికి అక్క నాకన్నా పది బారలు ముందుంది.